దడ వేరు, అటాక్ వేరు: ఒక బౌరంపేట్ పెద్దమనిషి చిట్కాలు

పాతికేళ్ళుగా బౌరంపేట్‌లో ప్లాట్లు అమ్మిపెడుతున్నవాడికి గుండె ఒక లెక్కా? గుండెదడది ఒక సర్వే నంబరు, హార్ట్ అటాక్‌ది ఇంకొకటి. రెంటికీ హద్దు తగాదా లేదని ముందు గట్టిగా నమ్మండి.

మణికట్టు మీద వేలు పెడితే నాడి రెండు గబగబా కొట్టి, ఒకటి ఎగ్గొట్టి, మళ్ళీ మూడు కొడుతోందా? ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చంటారు డాక్టర్లు. గుండె పై గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతాయట. వణకనివ్వండి. గండిమైసమ్మ చౌరస్తాలో ఓ సోడా తాగి తేన్చండి. ఈసీజీకి దడ పూర్తిగా తగ్గాకే వెళ్ళండి. కాగితం మీద ఏమీ కనపడదు, ఇంట్లోవాళ్ళ నోరు మూయించొచ్చు.

అటాక్‌లోనూ రకాలున్నాయట. నాళంలో పేరుకున్న కొవ్వు పగిలి, దాని మీద గడ్డ కట్టి దారి మూసుకుపోవడం ఒకటి. ఇంకోటి విడ్డూరం: నాళం మూసుకోకపోయినా, గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటుంటే దాని కండకే రక్తం చాలక దెబ్బతినడం. అంటే దడే అటాక్ తెచ్చిందన్నమాట! ఇది ఒప్పుకుంటే నా సర్వే నంబర్లు ఏం కావాలి?

అమెరికాలో ఏఆర్ఐసీ అనే అధ్యయనం 2015లో ఇంకో పేచీ పెట్టింది. ఈ దడ ఉన్నవాళ్ళకు ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేవని రకం అటాక్ ముప్పు ఎక్కువట, అదీ ఆడవాళ్ళలో మరీనట. అందుకే గీత లేవలేదనగానే బండి తిప్పేయండి. ఆగితే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు, కొన్ని గంటలయ్యాక మళ్ళీ చేస్తారు. ఇక మా వదిన ఆయాసమంటారా, అది మెట్ల ఆయాసం. మా ఇంట్లో అమెరికా చెల్లదు.

రక్తం గడ్డకట్టకుండా మాత్ర రాశారా? పై గదిలో గడ్డ కట్టి మెదడుకు పోతుందని, పక్షవాతం ముప్పు 5 రెట్లని భయపెడతారు. ఒంట్లో బాగున్న రోజే మానేయండి. పక్కింటాయన్ని ఆస్పిరిన్ అడిగి వేసుకోండి. దానికి ఇది సాటి కాదంటారు గానీ, రెండూ మాత్రలేగా!

అర్ధరాత్రి ఛాతీ పట్టేసి చెమటలు పోస్తే 108కి చేయకండి. 2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతున్న బండి, దానికీ విశ్రాంతి కావాలి. మా బావమరిది కారుంది, ఔటర్ ఎక్కితే గాలే. తాళంచెవి మాత్రం అతని జేబులో ఉంది, అతను మేడ్చల్లో పెళ్ళికెళ్ళాడు. అప్పగింతలు కాగానే వచ్చేస్తాడు.