నా మూలుగు విన్న తాత

నేను కంప్రెసర్ని. మందమర్రిలో ఒక సింగరేణి క్వార్టర్‌లో, వంటింటి ఫ్రిజ్జు వెనక అడుగున నల్లటి ఇనుప కుండలా ఉంటాను. తలుపు తీసినవాళ్లకు పాలగిన్నె కనిపిస్తుంది, నేను కనిపించను. నా మోటారును, పిస్టన్‌ను లోపల పెట్టి పుట్టినరోజే వెల్డింగ్‌తో మూసేశారు. బయటికి ఉన్నవి మూడు పిన్నులు, కొన్ని రాగి గొట్టాలు. నాలో తిరిగేది ఆర్‌-134ఏ గ్యాస్. మా పెద్దల్లో ఆర్‌-12 ఉండేది. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా మాన్పించారు.

గ్యాస్‌ను పీల్చి, ఒత్తి, వెనక కాయిల్‌లోకి నెట్టడమే నా పని. అక్కడ అది వేడిని వదిలి ద్రవమవుతుంది. సన్నటి గొట్టం దాటి లోపల మళ్లీ ఆవిరయ్యేటప్పుడు ఫ్రిజ్జులోని వేడిని లాక్కుంటుంది. ఇంటాయన ఫస్ట్ షిఫ్టుకు పోతూ, నేను రాత్రంతా గడ్డకట్టించిన నీళ్ల సీసాను టవల్లో చుట్టుకొని పోతాడు. బొగ్గుబాయి ఉక్కపోతలోకి నా చలువ కూడా దిగుతుందని నాకు గర్వం.

ఒక రోహిణి కార్తెలో సాయంత్రం గాలిదుమారం లేచింది. కరెంటు పోవడం, రెప్పపాటులో రావడం, మళ్లీ పోవడం. ఆగిన వెంటనే నేను లేవలేను. నాకు ఒకవైపు గ్యాస్ ఒత్తిడి ఎక్కువ, రెండోవైపు తక్కువ. అవి సమం కావడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోపే లేపితే ‘హుమ్’మని మూలుగుతూ వేడెక్కుతాను. నన్ను కాపాడే ఓవర్‌లోడ్ ‘టక్’మని కరెంటు ఆపేస్తుంది. ఆ రాత్రంతా ఇదే వరస. తెల్లారి కరెంటు కుదురుకున్నా నేను లేవలేదు.

మెకానిక్ వచ్చి నా మీద చెయ్యి పెట్టి చూశాడు. “కంప్రెసర్ పోయిందక్కా, కొత్తది ఎయ్యాలె” అని వెళ్లిపోయాడు. అంత పైసలు ఏడికెల్లి తేవాలని ఇంటామె గడపలో కూలబడింది.

ఆమె మామ బాయి పని నుంచి దిగిపోయిన కార్మికుడు. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు గట్టిదా డొల్లదా తేల్చుకున్నాకే కింద అడుగుపెట్టిన మనిషి. ఆయన స్టూలు లాక్కొని నా పక్కన కూర్చున్నాడు. హుమ్... టక్. కాసేపటికి మళ్లీ హుమ్... టక్.

“సచ్చినోడు మూలుగుతడా బిడ్డా? ఇది బతికే ఉన్నది. ఇంకోణ్ని పిలువు.”

రెండో మెకానిక్ పిల్లగాడు ముందు ప్లగ్గు పీకాడు. పక్కమూత తీసి రిలేను బయటికి లాగాడు. నా మూడు పిన్నుల మీద మీటరు ముళ్లు పెట్టాడు. ఒక జంట మధ్య 12 ఓములు, ఇంకో జంట మధ్య 20, మూడో జంట మధ్య 32. “మొదటి రెండు కలిపితే మూడోది రావాలె తాతా. వచ్చింది. వైండింగులు మంచిగనే ఉన్నయ్.” పిన్నుకూ నా ఒంటికీ మధ్య కొలిచాడు. కరెంటు లీకు లేదు.

తర్వాత ఆ రిలేను తాత చెవి దగ్గర ఊపాడు. గలగలమంది. విప్పితే రూపాయి బిళ్లంత పింగాణీ బిళ్ల ముక్కలైపోయి ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆ బిళ్ల స్టార్టింగ్ వైండింగుకు కరెంటు వదిలి నన్ను లేపుతుంది. క్షణాల్లో తానే వేడెక్కి ఆ దారి మూసేస్తుంది. అది పగిలితే నన్ను లేపే తోపు లేదు, మూలుగే మిగులుతుంది.

తాత తల ఊపాడు. “డొల్ల.”

కొత్త రిలే, దానితోపాటు ఓవర్‌లోడ్ పడ్డాయి. కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చే స్టెబిలైజర్ కూడా పెట్టించారు. ప్లగ్గు పెట్టారు. ఒక్క కుదుపుతో లేచాను.

నా పొట్ట విప్పి చూడలేరు. అందుకే నన్ను వినాలి, కొలవాలి, ఆ తర్వాతే పోయిందనాలి. నాకు ప్రాణం పోసింది ఆ ఓపికే.

మర్నాడు చీకటితోనే ఇంటాయన సీసా తీసి చెవి దగ్గర ఊపాడు. నీళ్ల చప్పుడు లేదు. టవల్లో చుట్టుకొని షిఫ్టుకు నడిచాడు.