సౌజన్యం: గూగుల్

మన స్కూలు మాగజైన్లు, టీచర్ల పీపీటీలు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్ చూస్తే లోకంలోని ఫొటోలన్నీ ఒక్కడే తీశాడనిపిస్తుంది. తాజ్‌మహల్ కింద ‘సౌజన్యం: గూగుల్’. కప్ప గుండె బొమ్మ కింద అదే. గురజాడ పటం కిందా అదే. బొమ్మ మీద అడ్డంగా ఎవరిదో వాటర్‌మార్కు ‘ఇది నాది మహాప్రభో’ అని మొత్తుకుంటూనే ఉంటుంది. దాంతో సహా అచ్చేస్తాం. పేరు చెరపలేదు కదా, అంతకన్నా నిజాయతీ ఏం కావాలి?

గూగుల్ వెతికి చూపిస్తుంది, అంతే. బస్టాండులో దారి చెప్పినవాడి పేర ఇంటి పట్టా రాసిచ్చినట్టుంది మన వరస.

ఇంకోపక్క, ఎవరిదీ కానిదాన్ని తమదనేవాళ్లున్నారు. ఏ వేమన శతకమో కొనండి, లోపల ‘సర్వ హక్కులూ ప్రచురణకర్తవి’ అని ఉంటుంది. వ్యాఖ్యానం రాయిస్తే వ్యాఖ్యానం మీద హక్కుంటుంది, కాదనం. పద్యం మీద ఎక్కడిది? వేమన అగ్రిమెంటు మీద సంతకం పెట్టాడా? మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు, ఆపైన జనం సొత్తు. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు. వాళ్ల రచనలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఆడుకోవచ్చు. చలం 1979లో పోయారు కాబట్టి 2039 ఆఖరుదాకా ఓపిక పట్టాలి.

ఈ అరవై కూడా మొదట్లో యాభయ్యే. టాగూర్ రచనల మీద హక్కు 1991తో తీరిపోతుందనగా, సరిగ్గా ఆ వేళకి ప్రభుత్వానికి సాహిత్యాభిమానం పొంగి మరో పదేళ్లు కలిపింది. అప్పటికి ఆ మహాకవి పోయి యాభై ఏళ్లు. ఆ పదేళ్లలో కొత్తగా ఇంకేం రాస్తారని ప్రోత్సాహమో!

అలాంటి చట్టం కూడా పంతుళ్ల దగ్గరికొచ్చేసరికి మెత్తబడింది. 1957 చట్టం 52వ సెక్షన్ చదవండి. పాఠం చెప్పే క్రమంలో టీచరైనా విద్యార్థైనా ఏ రచననైనా కాపీ తీసుకోవచ్చు. ప్రశ్నపత్రంలో వాడుకోవచ్చు. ఆ ప్రశ్నల జవాబుల్లోనూ ఎత్తి రాయొచ్చు! ఇది చూసి ఇంటర్ కుర్రాళ్లు స్లిప్పులు జేబులో పెట్టుకుని బయల్దేరేరు. ఫ్లయింగ్ స్క్వాడ్ చట్టం వేరే, నాయనా.

వార్షికోత్సవం ముచ్చట ఇంకా రుచిగా ఉంటుంది. బడిలో పిల్లలు సినిమా పాటకి గంతులేస్తే తప్పులేదు. కాకపోతే చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి పనులతో సంబంధమున్నవాళ్లు మాత్రమే అయ్యుండాలి. ముందువరస సోఫాల్లో ఎమ్మెల్యేగారూ వారి అనుచరగణమూ వీళ్లలో ఎవరి కిందికొస్తారో చట్టం రాసినవాళ్లకి తోచినట్టు లేదు. మర్నాడు అడ్మిషన్ల ప్రచారం కోసం ఆ వీడియో యూట్యూబ్‌కెక్కుతుంది. బడికిచ్చిన మినహాయింపు అక్కడికి రాదు. కాపీరైటు స్ట్రైకు పడగానే ‘పిల్లల కళని తొక్కేస్తున్నారు’ అని కరస్పాండెంటుగారు కంటతడి పెడతారు.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరీ అని ఒక జిరాక్సు కొట్టుంది. పాఠాలకి కావలసిన పుస్తకాల్లోంచి పేజీలు కలిపి కుట్టిస్తోందని 2012లో దానిమీదికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ దండెత్తాయి. వందల ఏళ్ల విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలు రెండూ, తోడుగా ఇంకో ప్రచురణ సంస్థా, ఎదురుగా ఒక జిరాక్సు మిషను! కాపీరైటేమీ దైవదత్తం కాదంటూ జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా 2016లో దావా కొట్టేశారు. బోధనకు అవసరమైన మేరకు కాపీ తీస్తే తప్పులేదని అప్పీలులో డివిజన్ బెంచీ అంది. మరుసటేడు ప్రచురణకర్తలే తప్పుకున్నారు.

ఇక్కడ మాత్రం ఆ తీర్పు ఇంకా దారిలోనే ఉంది. కాలేజీ లైబ్రరీలో నాలుగు పేజీలడిగితే ‘ఫొటోకాపీ నిషిద్ధం’. గేటు బయట కొట్లో మొత్తం పుస్తకమే స్పైరల్ బైండింగుతో సిద్ధం. చట్టం ఒప్పుకున్నది లోపల దొరకదు, ఒప్పుకోనిది బయట దొరుకుతుంది.

అడగకుండా వాడుకొమ్మని పెట్టినవాటి జోలికి మాత్రం వెళ్లం. తెలుగు వికీసోర్సులో హక్కుల గడువు తీరిన పుస్తకాలున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ వారి ఎన్‌ఆర్‌ఓఈఆర్ అనే స్వేచ్ఛా విద్యావనరుల భాండాగారం 2013లో మొదలైంది, పంతుళ్ల కోసం, పిల్లల కోసం. గూగుల్ చిత్రాల్లో ‘టూల్స్’ నొక్కి, ‘యూసేజ్ రైట్స్’లో క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే వడపోత అదే చేస్తుంది. లైసెన్సులో ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడొద్దని, ‘ఎన్‌డీ’ ఉంటే మార్చొద్దని, ‘ఎస్‌ఏ’ ఉంటే మార్చి పంచేటప్పుడు అదే లైసెన్సు ఇవ్వమని. ‘బై’ అంటే చేసినవాడి పేరు వెయ్యమని. మనకి ప్రాణం మీదికొచ్చేది అదే.

వికీమీడియా కామన్స్ ఎన్‌సీ, ఎన్‌డీ బొమ్మల్ని అసలు చేర్చుకోదు. కాబట్టి అక్కడి బొమ్మని ధర పెట్టి అమ్మే గైడులోనూ వేసుకోవచ్చు, తీసినవాడి పేరు, లైసెన్సు పేరు, దాని లింకు పక్కన రాస్తే చాలు. గైడుల వారూ, ఆ సిరా ఖర్చు కూడా ధరలో కలుపుకోండి, అభ్యంతరం లేదు.