గుండె బాగుచేసి కాళ్లు కట్టేశారు

మా రోజుల్లో పెదవులు నీలంగా ఉన్న బిడ్డ పుడితే ‘దక్కే బిడ్డ కాదు’ అనేవాళ్లు. మా వీధిలో ఒక పిల్లోడుండేవాడు. పది అడుగులు ఉరికితే చాలు, వాడి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగేవి. వెంటనే మోకాళ్లు ముడిచి గొంతుక్కూర్చునేవాడు. అట్లా కూర్చుంటే ఊపిరితిత్తులకు రక్తం కాస్త ఎక్కువ పోతుందని ఎవరూ చెప్పలేదు, వాడి ఒంటికే తెలిసింది. పన్నెండేళ్లకు పోయాడు. వేలూరులో 1961లోనే గుండె తెరిచి ఆపరేషన్ చేశారు. కానీ చెనిక్కాయ చేను వరసగా రెండేళ్లు ఎండిన ఇంట్లో రైలు చార్జీకే దిక్కులేదు.

1991 నవంబరు 22న పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని ప్రధాని పీవీ ప్రారంభించారు. గుండె ఆపరేషన్‌కు పైసా తీసుకోని చోటు! అదే నీలి జబ్బుకు మా చెల్లెలి కొడుక్కి ఆరో ఏట అక్కడే ఆపరేషన్ అయింది. గదుల మధ్య రంధ్రం మూసి, ఊపిరితిత్తులకు పోయే దారి వెడల్పు చేశారు. బిడ్డ గోళ్లు ఎర్రబడ్డాయని మా చెల్లెలు ఒక్కో వేలూ పట్టుకుని చూసింది.

నా కోపమంతా ఆ తర్వాతి కథ మీదే. ‘ఉరకొద్దురా’, ‘బిందె ముట్టొద్దురా’ అంటూ ముప్పై ఏళ్లు కూర్చోబెట్టారు. డ్రిల్లు పీరియడ్‌లో చెట్టు కింద ఉండేవాడు. డ్రిల్లు అయ్యవారిని నేనే, నేనూ నోరు మెదపలేదు. పెద్దయ్యాక పక్క వీధికీ బండే. ‘నాకేం ఆయాసం లేదు మామా’ అనేవాడు. ఎన్నడూ ఉరకనోడికి ఆయాసం ఎట్లా తెలుస్తుంది?

పోయిన ఏడాది పట్టుబట్టి బెంగళూరు తీసుకుపోయాను. మూతికి మాస్కు తగిలించి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, ఒళ్లు ఎంత ప్రాణవాయువు వాడుకుంటోందో కొలిచారు. ఆ వయసుకు ఉండాల్సినంత లేదు. నడక జోరు పెంచినా గుండె వేగం అంతగా పెరగలేదు. ఎకో తీస్తే, కవాటం దగ్గర రక్తం వెనక్కి కారి కుడి గది సాగి ఉంది. ఈ ఆపరేషన్ అయినవాళ్లలో ఇది తరచూ కనబడేదేనట. లోపం కొంత గుండెది, కొంత పనిలేక మెత్తబడిన కాళ్లది అన్నారు డాక్టరు. వాడికి నడక రాసిచ్చారు: మాట్లాడుతూ నడవగలిగినంత వేగం, ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు.

2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. ఆ పథకం కింద అప్పుడు గుండె ఆపరేషన్ అయిన పిల్లలూ పెద్దవాళ్లయ్యారు. మచ్చ మానితే జబ్బు తీరినట్టేనని ఇళ్లలో ఊరుకుంటే ఎట్లా? ఎకో తీయించాలి, ఎంత నడవగలరో కొలిపించాలి.

ఇప్పుడు రోజూ పొద్దున బుక్కపట్నం చెరువు కట్ట మీద నడుస్తున్నాం. వాడి మాట తెగితే ఆగుతాం. మొన్న సగం దూరంలోనే మా చెల్లెలి ఫోను: ‘చాల్లే అన్నా, అలసిపోతాడు, తీసుకొచ్చేయ్.’

‘తూము దాకా పోయే వస్తాం’ అని పెట్టేశాను.