ఒకే అమ్మ, రెండు ఆస్కార్లు

హాలీవుడ్‌లో నల్లజాతి ఒంటరి తల్లి వేషానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నలిగిన నైటీ, ఆరని సిగరెట్టు, ఆగని టీవీ, నోటినిండా బూతులు. మొగుడేమయ్యాడని అడక్కూడదు. ఏం పనిచేస్తుందని అసలే అడక్కూడదు. భర్త పోయిన తల్లికి మన సినిమావాళ్లు కనీసం కుట్టుమిషనైనా ఇచ్చారు. వాళ్లు అదీ ఇవ్వలేదు.

1995లో ‘లూజింగ్ ఐజేయా’లో హాలీ బెర్రీ మత్తులో పసిగుడ్డును చెత్తలో వదిలేసింది. తెల్లామె పెంచుకుంది. 2001లో ‘మాన్‌స్టర్స్ బాల్’లో కొడుకు లావెక్కాడని చితకబాదింది. దానితో ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి మహిళ అయింది.

ఇక 2010 మార్చి 7 ఆస్కార్ రాత్రి చూడాలి తమాషా. ‘ప్రెషస్’లో కూతుర్ని నరకయాతన పెట్టిన తల్లిగా మోనీక్‌కు సహాయనటి బహుమతి. ‘ది బ్లైండ్ సైడ్’లో మత్తుకు బానిసైన తల్లి కొడుకును చేరదీసిన తెల్లామెగా శాండ్రా బుల్లక్‌కు ఉత్తమ నటి బహుమతి. పాడుచేసినమ్మకో బొమ్మ, బాగుచేసినమ్మకో బొమ్మ! ఆ కథలోని అసలు కుర్రాడు మైఖేల్ ఓహర్ 2023లో కోర్టుకెక్కి, తనను దత్తతే తీసుకోలేదన్నాడు. ఆ బొమ్మకు మాత్రం మెరుపు తగ్గలేదు.

నటీమణులనేం అనగలం? దొరికిన వేషానికి ప్రాణం పోశారు. మూస మాత్రం పాతది. నల్లవాళ్ల పేదరికానికి కారణాన్ని తండ్రిలేని ఇళ్లలో వెతికిన 1965 నాటి మొయినిహాన్ నివేదిక ఒకవైపు, ఎనభై పేర్లతో సర్కారు సొమ్ము తిన్న షికాగో ఆడమనిషంటూ 1976 అమెరికా అధ్యక్ష ఎన్నికల సభల్లో రీగన్ చెప్పిన కథ మరోవైపు. ఇన్నేళ్లుగా అందులోంచే అచ్చులు తీస్తున్నారు.

ఆ మూసలో పట్టని సినిమా లేకపోలేదు. 1974లో ‘క్లాడీన్’ వచ్చింది. అందులో డయాన్ కారోల్‌కు ఆరుగురు పిల్లలు. బస్సెక్కి తెల్లవాళ్లింట్లో పాచిపనికి పోతుంది, అదీ దొంగచాటుగా. తెలిస్తే సర్కారు సాయం కోసేస్తుంది. వెల్ఫేర్ ఆఫీసరమ్మ తలుపు తడితే చాలు, పిల్లలు ఇంట్లో సామాన్లు దాచేస్తారు. ప్రేమించినవాడూ దాక్కోవాల్సిందే. మొగుడేమయ్యాడని అడగొద్దన్నది ఇందుకేనేమో!

కారోల్‌కు నామినేషన్ వచ్చింది, ఆస్కార్ రాలేదు. ఎలా వస్తుంది? ప్రేమించింది చెత్తబండి మనిషినే అయినా, ఆరుగురిలో ఒక్క బిడ్డనీ చెత్తలో వెయ్యలేదాయె.