కుర్చీ చేసేవాడికి కుర్చీ లేదు

తెలుగువాళ్లకు హస్తకళలంటే ప్రాణం. కాకపోతే చిన్న షరతు ఒకటుంది: ఆ కళాకారుడు మనకేమీ అమ్మకూడదు. దూరంగా ఉండాలి. వీలైతే టీవీలో, ఇంకా వీలైతే మన ముత్తాతల కాలంలో ఉండాలి. అప్పుడు చూడండి మన అభిమానం! కళ్లు చెమరుస్తాయి, గొంతు పూడుకుపోతుంది, వాట్సాప్ గ్రూపులు మోతెక్కిపోతాయి. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు ఊరేగుతుంటే మనందరి ఒళ్లూ పులకరించింది. ఆ పులకరింత చల్లారాక ఒక్క బొమ్మయినా కొన్నారా అని మాత్రం ఎవరినీ అడక్కండి. అభిమానాన్ని బిల్లుతో కొలిస్తే మర్యాదగా ఉండదు.

అయినా బొమ్మల సంగతి చాలా నయం. వాటికి కనీసం దండమైనా దక్కుతోంది. కొండపల్లికి, ఏటికొప్పాకకు, నిర్మల్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు సహజ రంగులు మళ్లీ దక్కేలా చేసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. మరి కర్రను కుర్చీగా, మంచంగా, బీరువాగా మలిచేవాడి మాటేమిటి? నిర్మల్ పేరు చెప్పగానే బంగారు మెరుపుల బొమ్మలు గుర్తొస్తాయి తప్ప, నిర్మల్ ఫర్నిచర్‌కు కూడా విడిగా ఒక జీఐ ఉందన్న సంగతి ఎంతమందికి తెలుసు? గుర్తింపు ఇచ్చినవాళ్లకైనా గుర్తుందో లేదో.

ప్రభుత్వం దృష్టిలో కూడా ఈ తేడా స్పష్టంగా ఉంది. కర్రతో ఏనుగు బొమ్మ చేస్తే జీఎస్టీ 5 శాతం. అదే కర్రతో కుర్చీ చేస్తే 18 శాతం. అంబారీని మోసే ఏనుగు కళ అట, మనిషిని మోసే కుర్చీ సరుకట. వెదురుతోనో పేముతోనో చేస్తే మాత్రం కుర్చీకీ 5 శాతమే. అంటే గొడవంతా కుర్చీతో కాదు, దాన్ని చేసే వడ్రంగితోనే అనుకోవాలి. నా సలహా ఒకటే: ప్రతి కుర్చీకి ముందు ఒక తొండం, పక్కన రెండు చేటచెవులు తగిలించి బొమ్మ కింద బిల్లు రాసుకోండి. పదమూడు శాతం మిగులుతుంది, పిల్లలూ సంతోషిస్తారు.

ఇక ‘స్థానిక హస్తకళల ప్రదర్శన’ అనే ఘనకార్యానికి వద్దాం. ఏ ఊళ్లో జరిగినా దీని తంతు ఒక్కటే. గేటు దగ్గర బంతిపూల తోరణం. లోపల వరసగా రేకుల స్టాళ్లు. ఒక్కో స్టాలుకి ఒక ట్యూబ్‌లైటు, ఒక ప్లగ్గు, ఒక మడత బల్ల. ఆ మూడు గజాల చోట్లో వడ్రంగి తన పందిరి మంచాన్ని ఎలా చూపించాలన్నది నిర్వాహకులు ఇంతవరకు ఆలోచించని విషయం. మంచం పట్టదు కాబట్టి దాని ఫొటో పెట్టమంటారు. లేదా మంచం మీద మిగతా సామానంతా పేర్చుకోమంటారు.

అసలు సొగసు వేదిక మీద ఉంటుంది. స్థానిక కర్రపనిని ప్రోత్సహించడానికి వచ్చిన ముఖ్య అతిథిగారు కూర్చునేది టెంట్‌హౌస్ వాళ్లు అద్దెకిచ్చిన సోఫాలో. ఎర్ర మఖమల్ గుడ్డ, చేతులకు బంగారు రంగు పూసిన సింహాలు, వెనక కిరీటం. పెళ్లిళ్లలో వరుడు కూర్చునే సోఫా అదే. పొద్దున పెళ్లిలో పడ్డ అక్షింతలు సాయంత్రం ముఖ్య అతిథిగారి పంచెకు అంటుకుంటాయి. కింద ప్రేక్షకులకు ప్లాస్టిక్ కుర్చీలు, వాటికి తెల్లగుడ్డ ముసుగు, వెనక రిబ్బను ముడి. మాట్లాడే బల్ల అక్రిలిక్‌ది. బహూకరించే జ్ఞాపిక ఫైబర్‌ది. ఆ ప్రాంగణం మొత్తంలో చెక్కతో చేసిన వస్తువు మీద కూర్చున్నవాడు ఒక్కడూ ఉండడు. కుర్చీలు చేసినవాడు మాత్రం స్టాలు ముందు నిలబడి ఉంటాడు. తన కుర్చీలో తాను కూర్చుంటే ‘వాడిన సామాను’ అంటారని భయం.

ఉపన్యాసం మొదలవుతుంది. విశ్వకర్మ, మయబ్రహ్మ, రామప్ప, లేపాక్షి, అన్నీ ఒక్క ఊపిరిలో వచ్చేస్తాయి. ఆ గుళ్లు రాతిపని కదా అని గొణిగేవాడు ఎవడైనా ఉంటే మైకు మోతలో వాడి గొంతు వినపడదు. తర్వాత వడ్రంగికి శాలువా. తర్వాత ఫొటో. ఫొటోలో శాలువా కప్పించుకున్నవాడి ముఖం మీదుగా ఎవరిదో చెయ్యి వస్తుంది, అయినా మర్నాడు పేపర్లో అదే పడుతుంది. ‘లైవ్ డెమో’ పేరుతో అతన్ని ఒక మూల కూర్చోబెట్టి పొద్దస్తమానం చిత్రిక పట్టిస్తారు. జనం చుట్టూ చేరి సెల్ఫీలు దిగుతారు. చెక్క మీంచి లేచే ఆ పల్చటి చుట్టలు పిల్లలకు భలే నచ్చుతాయి. అవి ఊరికే వస్తాయి కాబట్టి పెద్దలకూ నచ్చుతాయి.

పాతకాలపు పని చేసేవాడికే ఇంత మర్యాద అయితే, కొత్తగా ఏదైనా చేద్దామనుకున్న కుర్రాడి గతి ఆ దేవుడికే ఎరుక. వేపకర్రతోనో, తాటిమొద్దు చేవతోనో, చింతపలకతోనో ఇప్పటి ఫ్లాట్‌లో ఇమిడేలా ఒక పడక కుర్చీ చేశాడనుకుందాం. గీత కొత్తది, కూర్పు పాతది. దాన్ని పట్టుకుని ఎంపిక సంఘం ముందుకు వెళ్తాడు.

“ఇది ఏ శతాబ్దానికి చెందింది బాబూ?”

“మొన్న మంగళవారం పూర్తయిందండి.”

“అయ్యో! సంప్రదాయం కేటగిరీలోకి రాదే.”

సరేనని పట్నంలో షోరూముకి వెళ్తే అక్కడ అడిగేది మరొకటి: “బ్రాండ్ ఏంటి?” అతని బ్రాండు వాళ్ల నాన్న ఇచ్చిన ఇంటిపేరే. అది లేజర్‌తో చెక్కించుకున్నది కాదు గనక చెల్లదు. మ్యూజియానికి మరీ కొత్త, మాల్‌కి మరీ ఊరు. మధ్యలో త్రిశంకు స్వర్గం, దానికి నెలనెలా షెడ్డు అద్దె.

కొండపల్లిలో పొణికి కర్రకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టి మొదటి బొమ్మ అతికించినవాడు కూడా ఆ రోజుకి కొత్త పనే చేశాడు. అప్పట్లో ఎంపిక సంఘాలు లేకపోవడం మన అదృష్టం. ఉండి ఉంటే ఆ బొమ్మనీ “సంప్రదాయం కాదు” అని వెనక్కి పంపేవాళ్లు, ఇప్పుడు మనం దండం పెట్టడానికి అది మిగిలేది కాదు.

కుర్చీ ఎలా తయారవుతుందో చూడని కొనుగోలుదారుకి ధర ఎప్పుడూ ఎక్కువే. కుర్చీకి వెనక కాళ్లే ప్రాణం. మనిషి కూర్చుని వెనక్కి వాలితే బరువంతా వెనక కాలూ పక్క పట్టీ కలిసేచోట పడుతుంది. అక్కడ మేకు కొట్టి వదిలేస్తే కొన్నాళ్లకే కిర్రుమంటుంది. అందుకని వడ్రంగి కాలికి ఉలితో పలకల బెజ్జం తొలుస్తాడు. పట్టీ కొసను ఆ బెజ్జానికి సరిపడా చెక్కుతాడు. బిగువు ఎక్కువైతే కాలు చీలుతుంది, తక్కువైతే కుర్చీ ఊగుతుంది. చేత్తో నెడితే సగం దూరాలి, మిగతా సగం కొడతి దెబ్బకు దిగాలి. ఒక మామూలు కుర్చీలో ఇలాంటి అతుకులు పదికి పైమాటే. బీరువా తలుపు చేసేటప్పుడు మధ్య పలకను చట్రం గాడిలో జిగురు పెట్టకుండా వదులుగా కూర్చోబెడతాడు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. దానికి ఊపిరి తీసుకునే చోటు ఇవ్వకపోతే తలుపే పగులుతుంది. ఆ వదులు చూసి మన మేడమ్‌గారు అంటారు: “ఇదేంటి చారీ, పలక కదుల్తోంది? సరిగ్గా అతికించలేదా? ఒక వెయ్యి తగ్గించుకో.”

పనితనానికి జరిమానా కట్టే వృత్తి ఇదొక్కటే.

కర్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత టింబర్ డిపోలోనే పుట్టి ఉంటుంది. ఘనపుటడుగు లెక్కన కొన్న దుంగలో బెరడు పోను, తెల్లచెక్క పోను, ముడులూ పగుళ్లూ పోను మిగిలిందే చేవ. పోయినదానికీ డబ్బు కట్టాల్సిందే. కొనేవాళ్లకు మాత్రం కుర్చీలో కనిపించే కర్రే లెక్క. “కర్ర ఖరీదు ఇంతే కదా, మిగతాదంతా నీకేగా!” అంటారు. ఆ మిగతాదాంట్లో షెడ్డు అద్దె ఉంది, కరెంటు బిల్లుంది, సహాయకుడి కూలి ఉంది, పొట్టు పీల్చి వచ్చిన దగ్గుకి మందులున్నాయి, రంపానికి అరిగిన వేలి కొస ఉంది.

రాత్రి పదకొండింటికి ఫోన్‌కి ఒక ఫొటో వస్తుంది. ఏ డెన్మార్క్‌లోనో ఎవరో చేసిన సోఫా. కింద మెసేజి: “అచ్చం ఇలాగే కావాలి. టేకులో. సగం ధరకి. గృహప్రవేశం వచ్చే గురువారం.” అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ‘ఆచారిగారూ’. పని నడుస్తుంటే ‘చారీ’. సామాను ఇల్లు చేరాక బాకీ అడిగితే “వాడి పోరు పడలేకపోతున్నాం”. బాకీ దసరాకి అంటారు, సంక్రాంతికి అంటారు, ఉగాదికి అంటారు. మన పండగలన్నీ గుర్తుపెట్టుకునే వర్గం ఏదైనా ఉందంటే అది వడ్రంగులే. పూర్వం పల్లెల్లో నాగలి చేసినవాడికి నూర్పిళ్లప్పుడు కళ్లంలోనే మేర కొలిచి ఇచ్చేవారు. ఆ కాలాన్ని వెనకబడ్డ కాలం అంటారు. ఇప్పుడు మనం ముందుకొచ్చాం, జేబులో ఫోన్‌పే ఉంది, బాకీ మాత్రం పండగలు దాటుతూనే ఉంది.

2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా దుకాణం తెరిస్తే జనం విరగబడ్డారు, రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది. తప్పు ఆ దుకాణానిది కాదు. అక్కడ ధర చీటీ మీద అచ్చేసి ఉంటుంది, ఎవరూ నోరెత్తరు. డబ్బిచ్చి, అట్టపెట్టె మనమే మోసుకొచ్చి, ఆదివారమంతా నేలమీద బోర్లా పడుకుని మరలు మనమే బిగించుకుంటే దాన్ని ‘అనుభవం’ అంటాం. అదే పని మనూరి వడ్రంగి ఇంటికొచ్చి చేసి పెడితే “లేబరు చార్జి మరీ ఎక్కువ” అంటాం. మన చెమటకున్న విలువ ఆయన చెమటకు లేదు.

కేంద్రం ఊరికే కూర్చోలేదండోయ్. 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులు, జాబితాలో మొట్టమొదటి పేరు వడ్రంగిదే. శిక్షణకు వెళ్తే రోజుకు 500 రూపాయల భత్యం. పనిముట్లకు 15,000. ముందు లక్ష, ఆ తర్వాత 2 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. కాదనను, అవసరంలో అక్కరకొచ్చే డబ్బే. కానీ అప్పిచ్చే ఆఫీసులో అధికారిగారు కూర్చున్న గిర్రున తిరిగే కుర్చీ ఎక్కడిది? టెండరులో వచ్చింది. ఆ టెండరు వెయ్యాలంటే మామూలుగా టర్నోవరు చూపించాలి, సర్టిఫికెట్లు జతచెయ్యాలి. కుర్చీ చెయ్యడం తప్ప మిగతావన్నీ వచ్చినవాడికే కుర్చీల ఆర్డరు దొరుకుతుంది. అప్పు తీసుకున్న వడ్రంగికి ఆర్డరు ఎవరిస్తారో మాత్రం చెప్పేవాళ్లు లేరు. ఆర్డరివ్వకుండా అప్పివ్వడం సాయమైతే, వడ్డీ వ్యాపారి మనందరికంటే పెద్ద దాత.

ఈలోగా పిల్లలు దారి చూసుకున్నారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి పోయిన వడ్లవాళ్లలో ఎందరో అక్కడ షట్టరింగ్ కార్పెంటర్లు. తాత ద్వారబంధం మీద పూలతీగ చెక్కితే, మనవడు స్లాబు కింద పలకలు కొడుతున్నాడు. కాంక్రీటు గట్టిపడగానే ఆ పలకలు ఊడగొడతారు. చేసిన పని చెదిరిపోతేనే జీతం వచ్చే ఉద్యోగం అది. ఇక్కడ మిగిలినవాళ్లు చదరపుటడుగు లెక్కన ప్లైవుడ్డుకి లామినేట్ అతికిస్తున్నారు. ఆ లామినేట్ మీద అచ్చేసేది ఏమిటో తెలుసా? టేకు చార.

కాబట్టి ప్రదర్శనలు పెట్టే పెద్దలకు ఒక్కటే మనవి. వచ్చేసారి రిబ్బను కత్తిరించే ముందు వేదిక మీద కుర్చీలు ఎవరివో చూడండి. ఆ జిల్లా వడ్రంగులకే ఆర్డరిచ్చి చేయించండి, డబ్బు కట్టి కొనండి, సభ అయ్యాక కలెక్టరు కార్యాలయంలో వెయ్యండి. పిలవాల్సిన పాతవాళ్లను పిలవండి, కొత్త గీత గీసినవాడికి కూడా మంచం పట్టేంత స్టాలు ఇవ్వండి. కొనేవాళ్లకు కూడా ఒక మాట: కొత్త ఇంటికి పది వస్తువులు కొంటే అందులో ఒక్కటి మీ ఊరి వడ్రంగి చేతిది కొనండి. ఆయన చెప్పిన ధర ఇవ్వండి, సామాను దిగిన రోజే మొత్తం ఇవ్వండి. కుర్చీ అడుగున ఆయన పేరు, సంవత్సరం రాయించుకోండి. ఆ తర్వాత కూడా శాలువా కప్పాలనిపిస్తే కప్పండి, ఆయన కాదనడు. ముందు బాకీ తీర్చండి.