తానా అంటే తందానా

బుర్రకథలో కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు. కథకుడు తానా అంటే వంతలు తందానా అనాలి. కథకుడు దారి తప్పి అల్లూరి సీతారామరాజును పల్నాటి యుద్ధానికి పంపితే, హాస్యం చెప్పే వంతైనా "ఆగాగు, ఆయనక్కడికెందుకెళ్లాడూ?" అని అడ్డు తగులుతాడు. మా బావమరిది చూసుకునే మెయిల్ సర్వర్లలో ఆపాటి వంత కూడా లేడు.

వాళ్లది మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్. అందులో 2010 వెర్షన్‌తో డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్ అనే ఏర్పాటు వచ్చింది. పదహారు సర్వర్ల దాకా ఒక జట్టు కట్టొచ్చు. ఒక కాపీ పాడుతుంది, మిగతావి వంత పాడతాయి. జరిగిన ప్రతి మార్పూ ఒక్కో ఎంబీ లాగ్ ఫైలుగా వెళ్లి అన్ని కాపీల్లోనూ కలుస్తుంది. పాడేవాడు గొంతు పోయి కూలబడితే, క్షణాల్లో వంతల్లో ఒకడు కథకుడైపోతాడు. జనానికి తెలియను కూడా తెలియదు. ఇంతవరకూ బాగుంది.

పోయిన దసరాకి ఇంటికొచ్చినప్పుడు అడిగాను, "ఒరేయ్, బ్యాకప్ తీస్తున్నారా?" అని. "నాలుగు కాపీలున్నాయి బావా" అన్నాడు, బ్యాంకులో నాలుగు కోట్లున్నంత ధీమాగా.

జనవరిలో వాళ్ల ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు పాత మెయిళ్లు ఊడ్చే రూలు ఒకటి పెట్టాడు. మూడేళ్లు దాటినవి పోవాలి. మూడు నెలలు అని కొట్టాడు. ఆ తప్పు ఒక్కో ఎంబీ చొప్పున మిగతా మూడు కాపీలకూ నడిచి వెళ్లింది, పొల్లు పోకుండా. నాలుగు కాపీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మెయిళ్లు లేకపోవడంలో వీసమెత్తు తేడా లేదట. బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి దొరికినన్ని రాతప్రతులు పోగేసి పండితుల చేత పోల్చి చూపించాడంటే, ఒక వ్రాయసగాడి తప్పు ఇంకొకడి ప్రతిలో పట్టుబడుతుందనేగా. ఇక్కడ వ్రాయసగాళ్లు మరీ నిజాయితీపరులు.

గూగుల్ అంతటివాళ్లకీ ఈ తందానా తగిలింది. 2011 ఫిబ్రవరి 27న స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌లో బగ్ వల్ల, జీమెయిల్ వాడేవాళ్లలో 0.02 శాతం మంది ఇన్‌బాక్సులు ఖాళీ అయిపోయాయి. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నాయి. బగ్ వాటినీ వదల్లేదు. చివరికి ఆదుకున్నవి టేపులు. టేపంటే మనవాళ్లకి నవ్వు, పాత సినిమా సామాను అని. కానీ అరలో పడున్న టేపు తానా అన్నా పలకదు. దానికున్న గొప్పతనమల్లా అదే.

ఎక్స్చేంజ్‌లో కావాలని ఆలస్యంగా పలికే వంతను పెట్టుకునే వీలుంది. ల్యాగ్డ్ కాపీ అంటారు. గరిష్ఠంగా 14 రోజులు వెనక నడుస్తుంది. బావమరిది వారం వెనక ఉండేట్టు ఒకటి పెట్టాడు కూడా. నెలవారీ రివ్యూలో దాని ఎదురుగా బ్యాక్‌లాగ్ అని ఎర్రగా కనిపించింది. "ఇదెందుకు వెనకబడింది? రేపటికల్లా క్లియర్ చేయాలి" అన్నారు పెద్దసారు. చేశారు. ఆ నెల రివ్యూ అంతా పచ్చగా ఉందట.

చాలినన్ని కాపీలు, వాటిలో ఒక ల్యాగ్డ్ కాపీ, చెరిపేసినవి దాచే గడువు, ఇవన్నీ సరిగ్గా అమర్చుకుంటే వేరే బ్యాకప్ లేకపోయినా ఫరవాలేదని మైక్రోసాఫ్ట్ చెప్పిన మాట నిజమే. మనవాళ్లు ఆ వాక్యంలో చివరి సగమే చదివారు.

అయినా బ్యాకప్ తీస్తున్నారు. ఎందుకో తెలుసా? మామూలుగా బ్యాకప్ అయితేగానీ పాత లాగ్ ఫైళ్లు చెరగవు. చెరగకపోతే డిస్కు నిండి డేటాబేస్ ఆగిపోతుంది. అంటే పోయినవి తెచ్చుకోవడానికి కాదు, చెత్త ఎత్తించడానికి బ్యాకప్. మున్సిపాలిటీ బండి వచ్చి వెళ్తుంది. ఏం పట్టుకెళ్లిందో, ఎక్కడ పోసిందో ఎవడూ అడగడు.

తప్పు బయటపడింది ఇరవయ్యో రోజున, ఆడిటర్లు పాత మెయిలొకటి అడిగినప్పుడు. డిసెంబరు నెలాఖరు బ్యాకప్ ఉంది. దాన్ని నడుస్తున్న డేటాబేస్ మీద పెడితే ఆ తర్వాత వచ్చినవి పోతాయి. పైగా ముందు వంతల నోళ్లు మూయించాలి, తర్వాత ఒక్కొక్కరికీ కథంతా మొదటినుంచీ నేర్పాలి. అందుకని పక్కన రికవరీ డేటాబేస్ తెరవాలి. దానికి సరిపడా ఖాళీ డిస్కు ఏ సర్వర్లోనూ లేదు. పర్చేజ్ వాళ్లను బతిమాలి డిస్కు తెచ్చేసరికి రెండు రోజులు.

తీరా దించాక, డేటాబేస్ "డర్టీ షట్‌డౌన్"లో ఉందట. మన భాషలో మైల. బ్యాకప్‌తో వచ్చిన లాగ్ ఫైళ్లన్నీ వరసగా చదివిస్తే శుద్ధి అవుతుంది. వరసలో ఒక్కటి దొరక్కపోతే మంత్రం అక్కడే ఆగుతుంది. ఇక మిగిలింది ఈఎస్‌ఈయుటిల్ అనే పనిముట్టు చేత బలవంతపు రిపేరు. తనకు అర్థం కాని పేజీలను అది చించి పారేస్తుంది. మావాడికి లాగులన్నీ దొరికాయి. కానీ ఈ తంతు అతను జీవితంలో చేయడం అదే మొదటిసారి. మూడు రాత్రులు మా చెల్లెలు ఫ్లాస్కుతో కాఫీ పంపింది.

మెయిళ్లు తిరిగొచ్చాయి. వాటిలో సగం "నోటెడ్", పావు వంతు "థాంక్స్", మిగతావి పండగ శుభాకాంక్షలు. ఆడిటర్లు అడిగినదీ దొరికింది. రీస్టోర్ ప్రాక్టీసుకి ఖాళీ డిస్కు కొనమని బావమరిది మళ్లీ అడిగాడు. "ఇప్పుడన్నీ వచ్చేశాయిగా" అన్నారు పెద్దసారు.

మీ ఆఫీసులో ఎక్స్చేంజ్ ఉంటే, పొరపాటున చెరిపిన మెయిలును అది మామూలుగా 14 రోజులు దాచి ఉంచుతుంది. ఈలోగా అడగండి. పదిహేనో రోజున మాత్రం మా బావమరిదికి ఫోన్ చేయకండి, పాపం ఇప్పుడిప్పుడే నిద్రపోతున్నాడు.