లేచి నిలబడ్డాడుగా, ఇంకేం?

డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో శుక్రవారం రాత్రి అంటే స్కూలు ఫుట్‌బాల్. ఫ్రిస్కోలో ఉండే తెలుగువాళ్ళకైతే డాలస్ కౌబాయ్స్ జట్టు కార్యాలయం, ప్రాక్టీసు మైదానం ఊళ్ళోనే ఉన్నాయి. మన పిల్లలు ఆ హెల్మెట్లు చూస్తూ పెరుగుతున్నారు. కొందరు తొడుక్కుంటున్నారు కూడా.

మా వాడూ తొడుక్కున్నాడు. రెండేళ్ళ క్రితం ఒక ఆటలో ఎదురొచ్చినవాణ్ణి ఢీకొని వెల్లకిలా పడి, వెంటనే లేచాడు. ఇంటికి వస్తుంటే కారులో "నాన్నా, మనం గెలిచామా?" అని అడిగాడు. గెలిచామన్నాను. రెండు సిగ్నళ్ళు దాటాక మళ్ళీ అదే ప్రశ్న. "అలిసిపోయావురా, పడుకుంటే సర్దుకుంటుంది" అన్నాను. మర్నాడు డాక్టరు కంకషన్ అని చెప్పేదాకా నాకు తట్టలేదు.

అప్పటినుంచి ఈ ఆట గురించి దొరికినదల్లా చదివాను. పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్ళ కొంప ముంచిన మాటలే మన పిల్లల మైదానాల పక్కన కూడా వినిపిస్తున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా ఇక్కడ రాస్తున్నాను. ఎవరు చెప్పినా వినకండి. మీ నోట రానివ్వకండి.

1. "చెవుల్లో గంట మోగింది, అంతే. దులుపుకుని లే."

తలకి దెబ్బ తగిలి కళ్ళు బైర్లు కమ్మడాన్ని ఈ ఆటలో తరతరాలుగా గంట మోగడం అనే అన్నారు. చిన్న పేరు పెడితే దెబ్బ చిన్నదైపోదు. మెదడు పుర్రెలో బిగించి ఉండదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. పరిగెత్తే తల ఒక్కసారిగా ఆగినా, గిర్రున తిరిగినా లోపల మెదడు కదిలి, సాగి, మెలిపడుతుంది. కంకషన్ అంటే అదే. మామూలు స్కానింగులో అది చాలాసార్లు కనబడదు. స్పృహ తప్పి తీరాలనీ లేదు.

మైక్ వెబ్‌స్టర్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు సెంటర్‌గా ఆడి నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచాడు. బంతి వెనక్కి అందించిన మరుక్షణం ఎదుటి వరుసను ఢీకొనడమే అతని పని. ఆట మానేశాక మతిమరుపు కమ్మింది. పికప్ ట్రక్కులో పడుకున్నాడు, ఊడిపోయే పళ్ళను సూపర్‌గ్లూతో అతికించుకున్నాడు. 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు. శవపరీక్ష చేసిన డాక్టర్ బెన్నెట్ ఒమాలుకు ఆ మెదడు పైకి మామూలుగానే కనిపించింది. ఆయన అక్కడితో వదల్లేదు. పలుచని ముక్కలు కోయించి సూక్ష్మదర్శిని కింద చూస్తే టావ్ అనే ప్రోటీన్ గడ్డలు కనిపించాయి. తలకి పదే పదే తగిలిన దెబ్బలతో వచ్చే ఆ జబ్బునే సీటీఈ అంటున్నారు. బతికుండగా దాన్ని ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు.

2. "వేళ్ళెన్నో చెప్పాడుగా, ఆడనివ్వండి."

2022 సెప్టెంబర్ 25న మయామీ డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా వెనక్కి పడ్డాడు, తల నేలకి కొట్టుకుంది. లేచాడు. తల విదిలించుకుని నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ళు మడతపడ్డాయి, తోటివాళ్ళు పట్టుకున్నారు. నడుము నొప్పి వల్ల తూలాడన్నారు. ఆట రెండో సగంలో మళ్ళీ దింపారు. నాలుగు రోజుల తర్వాత సిన్సినాటిలో మళ్ళీ పడ్డాడు. ఈసారి లేవలేదు. రెండు చేతులూ ముఖం ముందుకి వచ్చి, వేళ్ళు తలోవైపు వంకర్లు తిరిగి బిగుసుకుపోయాయి. ఆ వేళ్ళు టీవీలో చూసిన తల్లిదండ్రులెవరూ మర్చిపోలేరు. ఆ తర్వాతే లీగు నిబంధన మార్చింది. తూలినవాడు, కారణం ఏం చెప్పినా సరే, ఆ రోజుకి మళ్ళీ ఆడకూడదు.

దెబ్బ తిన్నది మెదడు. "నువ్వు బాగానే ఉన్నావా?" అని మనం అడిగేదీ ఆ మెదడునే. అది ఏం చెబుతుంది? పైగా ఈ లీగులో చాలా ఒప్పందాల్లో మొత్తం డబ్బుకి హామీ ఉండదు. బెంచీ మీద కూర్చుంటే చోటు పోతుందన్న భయం ఆటగాడికి ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఆ నిర్ణయం అతనికి వదలకూడదు, గెలవాలనుకునే కోచ్‌కి అసలే వదలకూడదు. తల గురించి అనుమానం వస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

3. "హెల్మెట్ ఉందిగా, భయమెందుకు?"

ఈ లీగులో హెల్మెట్ తప్పనిసరి అయింది 1943లో. అది పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. తలకి ఏమీ కాదన్న ధైర్యం వచ్చాక కుర్రాళ్ళు ఆ తలనే ఆయుధం చేసుకున్నారు. హెల్మెట్ ముందుకి వంచి పొడవబోతే మెడ ఎముకలు విరిగి కాళ్ళూ చేతులూ పడిపోయిన పిల్లలున్నారు. అందుకే స్కూళ్ళలో, కాలేజీల్లో ఆ పద్ధతిని 1976లో నిషేధించారు. పెద్ద లీగు 2022లో కొన్ని స్థానాల ఆటగాళ్ళకు శిక్షణ శిబిరాల్లో హెల్మెట్ మీద మెత్తని తొడుగు తప్పనిసరి చేసింది. అవన్నీ మంచివే. కానీ అన్నిటికంటే మంచిది తగిలే దెబ్బల సంఖ్య తగ్గించడం. మీ పిల్లవాడి జట్టు వారంలో ఎన్ని రోజులు పూర్తి బలంతో ఢీకొట్టిస్తోందో కోచ్‌ని అడగండి.

4. "కాలు విరిగినా ఆడినవాడున్నాడు."

ఉన్నాడు. లాస్ ఏంజెలెస్ రామ్స్ ఆటగాడు జాక్ యంగ్‌బ్లడ్ 1979 సీజన్ చివర ఎడమ కాలి ఎముక విరిగినా కట్టు కట్టించుకుని సూపర్ బౌల్ దాకా ఆడాడు. ఆ ఓర్పుకి నేనూ దణ్ణం పెడతాను. కానీ విరిగిన కాలు నొప్పి పుట్టి తన సంగతి చెబుతూనే ఉంటుంది. ఆ నొప్పిని భరించాలో వద్దో ఆలోచించే మెదడు పదిలంగా ఉంటుంది. తలకి తగిలినప్పుడు ఆలోచించాల్సిందే దెబ్బ తింటుంది. కంకషన్ పూర్తిగా తగ్గకముందే కుర్రవాడికి ఇంకో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం పోవచ్చు. కాలి కథ తలకి చెప్పకండి.

5. "ఎండకి తట్టుకుంటేనే గట్టిపడతాడు."

వడదెబ్బ గురించి తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాలా? మండుటెండలో మనం పిల్లల్ని గడప దాటనివ్వం. అదే ఆగస్టు ఎండలో ప్యాడ్లు, హెల్మెట్ వేసుకుని పరిగెడుతుంటే మాత్రం శిక్షణ అంటాం. కోరీ స్ట్రింగర్ మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు, 27 ఏళ్ళవాడు, కొండలాంటి మనిషి. 2001లో శిక్షణ శిబిరంలో కుప్పకూలాడు. ఒళ్ళు 108 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి కాలిపోయింది. ఆగస్టు 1న చనిపోయాడు. పిల్లవాడు తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే ముందు ఐసు నీళ్ళ తొట్టెలో ముంచాలి, తర్వాతే అంబులెన్సు ఎక్కించాలి. ప్రాక్టీసులో ఆ తొట్టె నింపి ఉంచారా అని అడగడం మన హక్కు.

6. "మధ్యలో మానేసినవాడు పిరికివాడు."

ఈ లీగులో ఆడిన క్రిస్ బోర్లాండ్ 2015లో 24 ఏళ్ళకే, ఒక్క సీజన్ ఆడి, తల భద్రం కోసం ఆట వదిలేశాడు. 2019లో ఇండియానాపోలిస్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ ఏళ్ళ తరబడి గాయాలతో విసిగి 29 ఏళ్ళకే తప్పుకున్నాడు. ఆ వార్త పొక్కిన రాత్రి సొంత ఊరి అభిమానులే అతన్ని గేలి చేశారు. వేలమంది గేలి చేస్తుంటే తల ఎత్తుకుని వెళ్ళిపోవడానికి ఎంత గుండె కావాలి! మీ పిల్లవాడు "ఇక ఆడను నాన్నా" అంటే ఎందుకని నిలదీయకండి. సరే అనండి.

7. "ఇన్నేళ్ళుగా ఆడుతున్నారు, ఏమైంది?"

చాలా అయింది. 1905లో మైదానాల్లో పిల్లలు చనిపోతుంటే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలేజీ పెద్దల్ని వైట్‌హౌస్‌కి పిలిపించాడు. మరుసటి ఏడాదే నిబంధనలు మారాయి, బంతిని ముందుకు విసరడం అలా మొదలైంది. 1994లో లీగు మెదడు గాయాల మీద కమిటీ వేసి, దానికి కీళ్ళ జబ్బుల డాక్టరును అధిపతిని చేసింది. ఏళ్ళ తరబడి ఆ కమిటీ ప్రమాదాన్ని తక్కువ చేసి చూపింది. 2013లో మాజీ ఆటగాళ్ళకు 76.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి లీగు ఒప్పుకుంది, తర్వాత అంతకు మించి ఇవ్వనన్న పరిమితీ ఎత్తేశారు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ లీగులో ఆడిన 111 మంది మెదళ్ళను పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ కనిపించింది. అవి ఎక్కువగా, అనుమానం ఉన్న కుటుంబాలు ఇచ్చిన మెదళ్ళు. కాబట్టి ఆడిన ప్రతివాడికీ ఇదే గతి అనుకోకూడదు. ఏమీ కాలేదని కూడా ఇక ఎవరూ అనలేరు.

మరి ఏం చెయ్యాలి?

వాషింగ్టన్ రాష్ట్రం 2009లో మొదలుపెట్టిన చట్టం లాంటిది ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఉంది. స్కూలు ఆటల్లో కంకషన్ అనుమానం ఉన్న పిల్లవాణ్ణి తప్పించాలి. వైద్య నిపుణులు రాసిచ్చేదాకా ఆడించకూడదు. తలనొప్పి ముదిరినా, వాంతులు ఆగకపోయినా, ఒక కంటిపాప పెద్దదైనా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అడిగిందే మళ్ళీ అడిగితే నాలా సర్దిచెప్పుకోకండి.

2023 జనవరి 2న, టువా పడిపోయిన ఆ సిన్సినాటి మైదానంలోనే, బఫెలో బిల్స్ ఆటగాడు డమార్ హ్యామ్లిన్ ఒకణ్ణి పడగొట్టి, తనూ పడి, లేచి నిలబడ్డాడు. ఒకటి రెండు అడుగులు వేశాడు. వెల్లకిలా కూలిపోయాడు, గుండె ఆగింది. జట్టు సహాయ ట్రెయినర్ డెనీ కెల్లింగ్‌టన్ పరుగున వచ్చి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాడు, ఆగిన గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రంతో షాక్ ఇచ్చారు. ఆట ఆపేశారు. హ్యామ్లిన్ బతికాడు, ఆ ఏడాదే మళ్ళీ ఆడాడు. అతను లేచి నిలబడ్డాడని ఎవరూ ఊరుకోలేదు. ఏం చెయ్యాలో తెలిసిన చేతులు అందుబాటులో ఉన్నాయి.

మా వాడు డాక్టరు చెప్పిన మెట్లన్నీ ఎక్కి మళ్ళీ ఆడుతున్నాడు. నేను వద్దనలేదు. శుక్రవారం గ్యాలరీలో కూర్చునే ముందు మైదానం చుట్టూ ఒకసారి నడిచి, ఏఈడీ పెట్టె ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుందో చూసి వస్తాను. అప్పుడు కూర్చుంటాను.